కొమ్ము ఊడిన ముందు

సిరా బాబాయ్ చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో దాక్కున్నాయి. ఆయన అనుమానం మాత్రం దాక్కునే రకం కాదు, బెంచీ మీద ఆయన పక్కనే కాలు మీద కాలేసుకుని కూర్చుంది. నంబరు పన్నెండు. ఎదురుగా ఉన్న తలుపు మీద నిన్నటిదాకా 'స్టోరు' అని ఉండేది, ఇవాళ దాని మీద తెల్లకాగితం అంటించి 'చర్మ పరీక్ష' అని రాశారు. చర్మ పరీక్షట! ముప్ఫై ఏళ్లుగా ఈ ప్రెస్సులో కాగితానికి పరీక్ష జరిగింది, సిరాకి పరీక్ష జరిగింది, ఓపికకి రోజూ జరుగుతోంది, చర్మానికి మాత్రం ఎవరూ పెట్టలేదు. చర్మం చూస్తామంటున్నారంటే లోపల మర్మం ఏదో ఉన్నట్టే. గోడ అవతల తన మిషన్ నడుస్తోంది. తాను ఇక్కడ కూర్చుంటే అది అక్కడ నడవడమే ఒక అనుమానం. ఎవరు నడుపుతున్నారు? టకటక టకటక అనాల్సింది టకట, టకట అంటోంది, కాగితం కాస్త వంకరగా పోతోంది, పోనీ, పోతేనే మంచిది, పోతేనే నా విలువ తెలుస్తుంది, అయ్యో వద్దు, ఆ కాగితం ఏం పాపం చేసింది? ఒకవేళ వంకర సర్దుకుని బాగానే నడిస్తే? తాను లేకుండా గంట నడిచిన మిషన్ రోజు నడవదా, రోజు నడిచింది ఏడాది నడవదా? అది చూడ్డానికే తనని ఇక్కడ కూర్చోబెట్టారేమో. పరీక్ష చర్మానికి కాదు, మిషన్‌కి. కాదు కాదు, మిషన్‌కీ కాదు, తనకే.

అసలు మూడు వారాల కిందటే ముక్కు కనిపెట్టింది. ముందు చేతులు కడిగే తొట్టి పక్కన ఒక తెల్లటి డబ్బా వెలిసింది, బకెట్టుకి చెల్లెల్లా ఉంది, దాని నిండా వెన్నలాంటి క్రీము. తర్వాత పెట్టె నిండా గ్లవుజులు వచ్చాయి. తర్వాత ఇదిగో, ఈ డాక్టరమ్మ. ఎవరు తెప్పించారయ్యా అంటే ఓనరు గారు! ఒకవైపు అచ్చు పాడైన కాగితాన్ని రెండోవైపు చీటీలు రాసుకోవడానికి దాచే మనిషి, గదిలోంచి బయటికొస్తూ ఫ్యానుకి కూడా సెలవిచ్చే మనిషి, ముప్ఫై ఏళ్లలో గోడకి సున్నం పూయించనివాడు చేతికి వెన్న పూస్తాడా? పులి గడ్డి మేస్తోందంటే దానికి కడుపునొప్పైనా రావాలి, మేక దాకా వెళ్లే దారైనా అదే కావాలి. పైగా డబ్బా పైన గోడకి ఆ కాగితం. బెంచీ మీంచి చూస్తే ఎదురుగానే, వేలిగోరంత నీలం అక్షరాల్లో, 'పనికి మందు రాసుకోండి'. ఇక్కడే అచ్చయింది, ఇంకా ఎన్నెన్నో కార్ఖానాలకి పంపడానికని ఎవరో ఆర్డరిస్తే ఐదు వేలు వేశారు, ఒకటి తీసి ఇక్కడ అంటించారు. దాన్ని చూసిన మొదటి రోజే బైండరు, నోట్లో నాలుక బదులు కత్తెర పెట్టుకు పుట్టినవాడు, గట్టిగా అరిచాడు: "ఏ బ్రాండు బాబాయ్? గ్లాసులో పోస్తారా, చేతికే రాసి సరిపెడతారా?" అందరూ నవ్వారు. నవ్వాక ఎవరూ డబ్బా ముట్టుకోలేదు. మందంటే ఎవరికి? జబ్బున్నవాడికి. రాసుకున్నవాడు తనకి జబ్బుందని రాసిచ్చినట్టేగా? ఎవరు రాసుకుంటారో కిటికీలోంచి ఎవరైనా రాసుకుంటున్నారేమో! 'మందు పెట్టడం' అని ఇంకోటుంది, అన్నంలో ఏదో కలిపి మనిషిని లొంగదీసుకోవడం. అన్నంలో పెడితే తెలిసిపోతుందని ఇప్పుడు చర్మంలో పెడుతున్నారా? మూతెత్తితే క్రీము ఇప్పటికీ నున్నగా, ఎవరూ అడుగు వేయని ఇసుకలా ఉంటుంది. ఒక్క వేలి గీత తప్ప. ఆ గీత సిరా బాబాయ్‌ది. ఒకరోజు పొద్దున్నే ఎవరూ రాకముందు వచ్చి, ఒక వేలు ముంచి, వాసన చూసి, పగుళ్లలో చురుక్కుమనగానే గుడ్డకి తుడిచేసుకున్నాడు. చూశావా, విషం కాకపోతే మండుతుందా?

మండుతుంది, ఏది తగిలినా మండుతుంది. జేబులో కుడిచెయ్యి ఎడమచెయ్యి సంగతి అడగాలనుకుంటుంది గానీ మధ్యలో తానున్నాడు. వేళ్ల సందుల్లో నీటిపొక్కులు, కణుపుల మీద ఎండిన చెరువు అడుగులా పగుళ్లు, బొటనవేలి కొసన అయితే ఏకంగా చీలిక, ఉప్పు తగిలితే పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి. పొట్టు రాలుతోంది, పొట్ట కోసం వచ్చి పొట్టు రాల్చుకుంటున్నాం అని ఒకసారి భార్యతో అంటే ఆవిడ నవ్వలేదు. చొక్కా గుండీలు ఆవిడే పెడుతుంది ఇప్పుడు. మనవరాలు జుట్టు నిమిరితే చటుక్కున తల వెనక్కి తీసుకుని, "తాతా, నువ్వు ముట్టుకుంటే పిల్లి నాకినట్టుంది," అంది. పిల్లి నాలుక! అందరూ నవ్వారు, తానే ఎక్కువ నవ్వాడు, ఆ తర్వాత దాని జుట్టు నిమరలేదు. ఎప్పుడు మొదలైంది ఇదంతా? మిషన్ రోలర్లు కడిగే వాష్ ఉంటుంది, నీళ్లలా కనిపిస్తుంది, ముక్కులోంచి నెత్తికెక్కుతుంది. పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే గుడ్డ మీద అదే ఒంపి తన చేతులు రుద్దాడు, "సబ్బుతో పోయేది సిరా కాదురా, సబ్బు మీద కూడా మరకేసేది సిరా," అని. అప్పటినుంచీ అంతే, మిషన్‌కి స్నానం చేయించిన దాంతోనే మనిషికీ స్నానం. సాయంత్రం అందరూ వరసగా నిలబడి వాష్‌తో చేతులు కడుక్కుంటుంటే, ఏదో సైన్యం కత్తులు కడుక్కుంటున్నంత గర్వంగా ఉండేది. ఎంత కడిగినా గోళ్లలో నలుపు మిగిలేది, ఆ నలుపుకే సిరా బాబాయ్ అని పేరొచ్చింది. పేరు పోదు, మరక పోదు, పోయింది చర్మమే.

చేతులు చూపిస్తే ఏమవుతుందో తనకి తెలియదా? బావమరిది చూపించాడుగా. భార్య తమ్ముడు, పక్క మిషన్ మీదే ఉండేవాడు, నవ్వితే మిషన్ చప్పుడు కూడా వినపడేది కాదు. వాడి చేతులు కూడా ఇలాగే. వాడు అమాయకుడు, నేరుగా వెళ్లి ఓనరు బల్ల మీద రెండు చేతులూ పరిచాడు. "అయ్యో పాపం, నీ మంచి కోసమే చెబుతున్నా, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో," అన్నాడాయన, ఎంత మెత్తగా అన్నాడు! విశ్రాంతి అన్నారు, ఇంట్లో శాంతి పోయింది. కొన్నాళ్లు కొన్ని నెలలయ్యాయి, కబురు రాలేదు, ఆ మిషన్ మీద ఇంకెవరో నిలబడ్డారు. ఇప్పుడు వాడు ఎక్కడో గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, చేతులు మానాయట, పని కూడా మానింది. అక్క ఇంటికి రాడు. వస్తే బావ చేతులు చూడాల్సొస్తుందని కాబోలు. పొద్దున గుండీలు పెడుతూ భార్య అన్న మాట చెవిలో ఇంకా వేడిగా ఉంది: "మీరు అక్కడ చెయ్యి చూపించారంటే ఇక్కడ పొయ్యి చూడక్కర్లేదు. తర్వాత మీ ఇష్టం." తన ఇష్టమట! మనుషులు ఇష్టం అన్నప్పుడల్లా కష్టం అనే వినపడుతుంది.

బెంచీ కిర్రుమంది. పదమూడో నంబరు వచ్చి పక్కన కూర్చుంది, ప్రూఫమ్మ. అచ్చుకి వెళ్లేముందు ప్రతి అక్షరాన్నీ ఎర్ర పెన్నుతో గాలించే మనిషి, ఆవిడ కళ్లద్దాల్లోంచి చూస్తే మనుషుల్లో కూడా ఒత్తు తప్పులు కనపడతాయంటారు. ఆవిడ చేతులకేం, కాగితం తప్ప ముట్టుకోవు. కానీ అందరూ రావాలన్నారుగా. ఆవిడ వెనకే బైండరు కూడా వచ్చి గోడకానుకున్నాడు, పద్నాలుగు, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, చలి లేకపోయినా.

"ఆ కాగితం చూశావా బాబాయ్?" అంది ప్రూఫమ్మ, తొట్టి మీది గోడ వైపు గడ్డం ఎత్తి.

"మూడు వారాల్నుంచి అదే నన్ను చూస్తోంది తల్లీ."

"అది మందు కాదు. ముందు. పనికి ముందు రాసుకోండి అని. మ పక్కన కొమ్ము ఊడింది." ఆవిడ సంచి తెరిచి మడతపెట్టిన కాగితం తీసింది. "ఇదిగో ప్రూఫు. ఇందులో కొమ్ముంది, కింద నా సంతకం ఉంది. అచ్చేసే ప్లేటు మీద కూడా ఉంది, నేనే వెళ్లి చూశాను. ఐదు వేలూ వెనక్కొచ్చేశాయి. ఓనరు గారు నా మీద పడ్డారు. కళ్లు పోయాయా, ఇంట్లో కూర్చుంటావా అని. ప్రూఫు చూపిస్తానన్నా వినరే!"

"ప్రూఫమ్మ దగ్గర ప్రూఫుంది, వినేవాడికే చెవి ఊడింది," అన్నాడు బైండరు. "అయినా ఓనరు గారికి కొమ్ము కాసేవాళ్లు ఇంతమందిమి ఉండి ఒక్క కొమ్ము కాపాడలేకపోయాం."

"నవ్వకురా. మరి ప్రూఫులో ఉండి, ప్లేటులో ఉండి, ఎక్కడ ఊడినట్టు బాబాయ్?"

ఎక్కడ ఊడుతుంది, వయసు మీదపడితే ఎవరికైనా ఊడతాయి అనబోయాడు సిరా బాబాయ్, జోకు పెదవి దాకా వచ్చి ఎందుకో వెనక్కెళ్లి గొంతులో కూర్చుంది. ముందు. పనికి ముందు. అంటే జబ్బు రాకముందు, సిరా తగలకముందు. అంటే రాసుకున్నవాడు రోగి కాదు, జాగ్రత్తపరుడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాదు, కాలకముందే పట్టుకోవడం. మరి మూడు వారాలుగా ఆ డబ్బాని ఎవరూ ముట్టుకోకుండా చేసింది ఎవరు? ఓనరే కావాలని కొమ్ము తీయించాడేమో, జబ్బున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే బయటపడాలని, అవును, ఆయనే, లేకపోతే ప్లేట్ల సెక్షనువాళ్లు, వాళ్లకి ప్రూఫమ్మంటే పడదు, లేకపోతే ఈ బైండరు, వీడు జోకు కోసం కొమ్మేంటి, తల కూడా కోస్తాడు. గోడ అవతల మిషన్ టకటక అంటోంది, వంకర సర్దుకుంది, ఎవడో గానీ బాగానే సర్దాడు. ఆ రోజు కూడా ఇలాగే టకటక అంటోంది. ఏ రోజు? ఆ రోజే, నీలం రంగు ఎక్కించిన రోజు. మధ్యాహ్నంలోపు కావాలని తొందర. మొదటి షీటులో ఒక చుక్క పడింది, నీలపు చుక్క, ఉండకూడని చోట, ప్లేటు మీద మచ్చ. మిషన్ ఆపాడు. మచ్చలు చెరిపే పెన్ను తీశాడు, దాని కొసన ఉండే మందు, ఇదీ మందే, ఎక్కడ తగిలితే అక్కడ ప్లేటు ఖాళీ అవుతుంది. చెయ్యి వణకనివాడే దాన్ని పట్టుకోవాలి, ఈ ప్రెస్సులో అది తనకొక్కడికే ఇస్తారు. ఆ రోజు బొటనవేలి చీలికకి టేపు చుట్టుకున్నాడు. టేపు మీద పెన్ను జారింది. ఎంత జారింది, బియ్యపు గింజంత. జారిందా? చురుక్కుమంది, అది గుర్తుంది, ఆ మందు చీలికలోకి దిగి కళ్లలో నీళ్లు తిరిగాయి, కళ్లలో నీళ్లతోనే గుడ్డ పెట్టి తుడిచాడు. చుక్క పోయింది. చుక్క ఎక్కడుంది? మ పక్కన. మచ్చ మ పక్కనే. తుడిచాక షీటు తీసి చూశాడు, రంగు చూశాడు, అంచులు చూశాడు, బాగుందన్నాడు. మిషన్ మీద నిలబడ్డవాడు అక్షరాలు చదవడు, రంగే చూస్తాడు, చదవడం ప్రూఫువాళ్ల పని. టకటక టకటక, ఐదు వేలు. చెరపకురా చెడేవు అన్నారు పెద్దలు, చెరిపింది తాను, చెడుతున్నది పక్కన కూర్చున్న ఈ పిచ్చితల్లి. మూడు వారాలుగా ఓనరుని అనుమానించాడు, డాక్టరుని అనుమానించాడు, క్రీముని అనుమానించాడు, ఈ లోకంలో తాను అనుమానించనిది ఒక్క తన బొటనవేలినే.

"పన్నెండు!" అని వినపడింది తలుపు వెనకనుంచి.

లేచాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు, కడుపునొప్పి అనొచ్చు, పులికి రాగా లేనిది తనకి రాకూడదా? కాళ్లు మాత్రం లోపలికే వెళ్లాయి, కాళ్లకి చర్మవ్యాధి లేదుగా. స్టోరు గదిలో కాగితం రీముల మధ్య ఒక బల్ల, బల్ల మీద దీపం, దీపం కింద ఖాళీ చోటు, అచ్చంగా రెండు చేతులు పట్టేంత. బల్ల వెనక డాక్టరమ్మ, కూతురంత వయసు.

"చేతులు పైన పెట్టండి."

"ఎందుకమ్మా?"

"చూడ్డానికి."

"చూసి?"

"రాసుకోవడానికి."

"ఎవరు రాసుకోవాలి? నా పేరు మీరు రాసుకుంటారా, క్రీము నేను రాసుకోవాలా?"

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "భయపడకండి. ఇదంతా మీ మంచి కోసమే."

జేబుల్లో చేతులు ఇంకా లోతుకి దిగాయి. "నా మంచి కోసం అన్నవాళ్లని ఇద్దర్ని చూశానమ్మా. ఒకరు మా అమ్మ. రెండోవారు మా ఓనరు గారు, మా బావమరిదిని ఇంటికి పంపిన రోజు."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. "సరే, నిజం చెబుతాను. మీ మంచి కోసం కాదు. మీ ఓనరు గారి మంచి కోసం. మీ బావమరిది వెళ్లాక ఆ మిషన్ మీదికి ముగ్గురు వచ్చారు, ముగ్గురూ వెళ్లారు, ఆయనే చెప్పారు. పని వచ్చేలోపు వాళ్లు పాడుచేసిన కాగితం వెనక షెడ్డు నిండిపోయింది, వెళ్లి చూసొచ్చాను. ఆయనకి దయ పుట్టి నన్ను పిలవలేదు. షెడ్డులో చోటు లేక పిలిచారు. ఈ గ్లవుజులు, ఈ క్రీము, వాష్ బదులు చేతులకి వేరే సబ్బు, అన్నీ ఏడాది పొడుగునా కొన్నా, చేయి తిరిగిన మనిషి ఒక్కడు పోతే ఒక్క నెలలో పోయే డబ్బంత కాదు. ఆ సంగతి ఆయనకి ఇన్నాళ్లకి తెలిసింది. చూపించినవాళ్లని తీసెయ్యనని కాగితం మీద సంతకం పెట్టించుకునే నేను గుమ్మంలో అడుగుపెట్టాను."

సిరా బాబాయ్ లోపల ఏదో గడియ కదిలింది. దయ అన్నారా, తాను నమ్మడు. దయ పొద్దున ఉండి సాయంత్రానికి పోతుంది, దాని అచ్చు నిలవదు. లాభం అన్నారా, అది వేరే సంగతి. ఓనరు గారి మనసు మారుతుందంటే నమ్మలేడు గానీ, షెడ్డు నిండిందంటే నమ్మగలడు. ఆయన స్వార్థం మీద ఇల్లు కట్టుకోవచ్చు, అంత గట్టిది. జేబులోంచి ఎడమచెయ్యి వచ్చింది. దాని వెనకే కుడిది, దొంగ వెనక దొంగలా. దీపం కింద రెండూ బోర్లా పడుకున్నాయి.

డాక్టరమ్మ దీపం కాస్త కిందికి వంచింది. మెల్లగా తిప్పి చూసింది. "దేనితో కడుక్కుంటారు?"

"వాష్‌తో."

"రోజూనా?"

"ముప్ఫై ఏళ్లుగా. ఆదివారం సెలవు."

"అది సిరాతోపాటు చర్మంలో ఉన్న నూనె కూడా పట్టుకుపోతుందండీ. నూనె లేని చర్మం పగులుతుంది, పగిలిన చోట సిరా దిగుతుంది. బయట డబ్బాలో ఉన్నది ఇప్పుడు మీకు పనికిరాదు, మండుతుంది. అది పగలకముందు రాసుకునేది. మీకు మందు రాస్తాను. మీకు మందు, మిగతావాళ్లకి ముందు."

ఆ రెండు మాటలూ పక్కపక్కనే వినేసరికి సిరా బాబాయ్‌కి మధ్యలో ఉన్న కొమ్ము సూటిగా గుచ్చుకుంది. "గోడ మీద అలా లేదమ్మా," అన్నాడు.

"అవును, ప్రూఫు చూసినావిడ వదిలేశారని మీ ఓనరు గారు అన్నారు."

ఊరుకోవచ్చు. చేతులు చూపించడం వేరు, చేతులారా ఒప్పుకోవడం వేరు, సంతకం చేసిన కాగితం జబ్బుకి గానీ తప్పుకి కాదు. ఈ వాక్యం దగ్గర ఆగితే మిషన్ తనది, తప్పు ఆవిడది. గోడ అవతల టకటక, వినమంటున్నట్టు.

"ఆవిడ వదల్లేదు. నేను చెరిపాను. ఇదిగో, ఈ వేలు." బొటనవేలికి ఇవాళా చుట్టి ఉన్న టేపు విప్పాడు. చీలిక నవ్వినట్టు తెరుచుకుంది. "పెన్ను జారింది. నాకూ ఇప్పుడే తెలిసింది, మీ బెంచీ మీద."

డాక్టరమ్మ ఆ వేలిని చాలాసేపు చూసి, గబగబా ఏదో రాయడం మొదలెట్టింది.

"ఏం రాస్తున్నారు?"

"మీ ఓనరు గారికి లెక్క. ఇన్నాళ్లూ షెడ్డు చూపించి వాదించాను, ఇంత చిన్న లెక్క నాకు దొరకలేదు. ఎన్ని కాగితాలు వెనక్కొచ్చాయి?"

"ఐదు వేలు."

"ఒక వేలు పగిలితే ఐదు వేలు పోయాయి," అంది ఆవిడ, అని, తానే పెన్నాపి తలెత్తింది.

అంతమాట తనకి ముందు తట్టనందుకు సిరా బాబాయ్‌కి ఒక్క క్షణం అసూయ కలిగింది. "ఆరు వారాలు వాష్ ముట్టుకోకండి," అంటోంది ఆవిడ. "మిషన్ దగ్గరే నిలబడి పక్కవాడికి నేర్పండి."

"విశ్రాంతి కాదుగా?"

"కాదు."

"అయితే రాసివ్వండి. మీరు రాసుకోమన్నది నేను రాసుకుంటాను, నేను రాసివ్వమన్నది మీరు రాసివ్వండి."

రాసిచ్చింది. ఆయన ముప్ఫై ఏళ్లలో మొదటిసారి రంగు చూడకుండా అక్షరాలు చదివాడు, ఒక్కో కొమ్మునీ వేలితో తడిమాడు, అన్నీ ఉన్నాయి. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "గేటు దగ్గర కూర్చునేవాళ్ల చేతులు కూడా చూస్తారా? మా బావమరిది పేరు మీ నంబర్లలో ఉండదు. చేతులు మానాయట. పనే మానలేదని... అదే, మానిందని..." మాట తడబడింది. "పేరు చెప్పండి," అందావిడ. చెప్పాడు. రాసుకుంది. అదీ చదివి చూసుకున్నాడు.

బయట ప్రూఫమ్మ లేచి నిలబడింది. "ఏమైంది బాబాయ్?"

"నీ కొమ్ము నా దగ్గరుంది తల్లీ," అన్నాడు. బొటనవేలు చూపించాడు. "ఇక్కడ ఊడింది. లోపల చెప్పేశాను. ఓనరు గారికీ నేనే చెబుతా."

ఆవిడ ఆ వేలినీ, ఆయన మొహాన్నీ, తప్పు ఏ వరుసలో ఉందో వెతుకుతున్నట్టు మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాడు. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి ఇచ్చింది. "అయితే పెట్టు."

పెన్ను పట్టుకుంటే మండింది. తొట్టి దగ్గరికి వెళ్లి, గోడ మీది కాగితంలో మ పక్కన కొమ్ము పెట్టాడు. వంకరగా వచ్చింది, వణికింది, పిల్లి తోకలా ఉంది. ఉన్నా కొమ్ము కొమ్మే. ఓనరు గారి సంతకం ఎంతకాలం నిలుస్తుందో ఎవరికి తెలుసు, దాని మీద అనుమానం అలాగే ఉంచుకున్నాడు, అదీ ముందుజాగ్రత్తే కదా. బైండరు మెడ సాచి కాగితం చదివాడు, పెదవులు కదిలించి ఇంకోసారి చదివాడు. నోట్లోని కత్తెర మాత్రం తెరుచుకోలేదు. చంకల్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది, నునుపుగా, ఇంకా ఏమీ కానిది. దాని తర్వాత రెండోది, కణుపు మీద ఎర్రగా రూపాయంత మచ్చ.

"నువ్వే రాసుకో బాబాయ్," అన్నాడు వాడు డబ్బా వంక అనుమానంగా చూస్తూ. "పెద్దవాడివి. నువ్వు రాసుకుంటే తర్వాత చూద్దాం."

సిరా బాబాయ్ మూతెత్తి, తన వేలి గీత కనపడేలా డబ్బాని వాడి వైపు జరిపాడు.

"నాకు మందేరా," అన్నాడు. "ముందు నువ్వు."